ఇరవై ఆరు చుక్కలు

ఫారంల పదకొండో నంబరు కాడ
'ఇంతకుముందు చేసిన పని' అని ఉంది.
దాని ఎదురుంగ చుక్కలు.
నిలవడలేక గోడకు ఒరిగి లెక్కవెట్టిన. ఇరవై ఆరు.
జగద్గిరిగుట్ట మీసేవల పిలగాడు
"కూలీ అని రాయనా అమ్మా?" అన్నడు.
నా ఎనక లైను రోడ్డు దాక ఉంది.

రాయకు బిడ్డా, జర ఆగు.

లాడ్ బజార్ల మెహరున్నీసా ఆపా ఇంటి ఎనక అర్రల
లక్క గాజులకు అద్దం పెంకులు అతికిచ్చిన.
తొమ్మిదేండ్ల పోరిని. ఆ పనికి సన్నటి వేళ్లు గావాలె.
కుంపటి మీద లక్క మెత్తవడంగనే
ఆరకముందే బొటనవేలుతోని నొక్కాలె.
కాలితే నోట్ల పెట్టుకునేది, మళ్ల నొక్కేది.
డజనుకు పావలా.
నా వేలి మీది గీతలు
ఎవలెవల పెండ్లి చేతులకు పోయినయో.

పెండ్లయినంక జీడిమెట్ల, సూదిమందు సీసాల కంపెనీ.
బల్బు ముంగట సీసను తిప్పి చూసుడు,
నలుపు అట్ట మీద ఓసారి, తెలుపు అట్ట మీద ఓసారి.
నూగంత నలుసు కనవడ్డా పక్కకు పెట్టాలె.
నిమిషానికి ఇరవై.
రెప్పకొడితే సూపర్‌వైజర్ దగ్గేటోడు.
ఇంటికొచ్చి అన్నం తింటుంటే
మెతుకుల్ల గూడ నలుసు దేవులాడేదాన్ని.
ఆ పనికి పేరేంది బిడ్డా?
చూసుడు అని రాస్తవా?

అటెన్క పదహారేండ్లు దవాఖాన్ల ఆయాను.
కాంట్రాక్టరు మారినప్పుడల్లా పేరు మారింది.
ఒక రిజిస్టర్ల నర్సుబాయి, ఒకదాంట్ల నర్సమ్మ,
ఒకదాంట్ల ఉట్టి ఏడో నంబరు ఆయా.
పోయిన శుక్రారం క్యాంపు గూడ ఆ దవాఖాన్లనే.
నేను తుడిచిన వరండలనే బల్లేసి కూసోవెట్టిండ్రు.
డాక్టరమ్మ అడిగింది: "ఎంత బరువు ఎత్తేదానివి?"
తూకమేసి ఎత్తుతమా తల్లీ మనుషులను?
కాలిరిగినోడు బరువు.
పానం పోయినోడు ఇంకింత బరువు.
ఇంటికి పోత అనుకునేటోడు మాత్రం
మెడ సుట్టూ చేతులేసి తనే సగం లేస్తడు.
ఇవి కిలోలల్ల చెప్పస్తలేదు.
ఆమె 'యాభై' అని రాసుకుంది.

ఆనాడు లిఫ్టు ఖరాబు.
ఒక తాతను కుర్చీల కూసోవెట్టి
ఎక్స్‌రేకు దించుతున్నం, నేనూ వార్డుబాయి గఫారూ.
పదమూడో మెట్టు కాడ నా నడుముల చప్పుడైంది,
పల్లికాయ ఒలిచినట్టు, గంతే.
కిందికి ఇంకా తొమ్మిది మెట్లున్నయి.
తొమ్మిదీ దిగిన.
తాత కుర్చీ ఒక్క దిక్కు గూడ ఒరగలె.
గది రాయి బిడ్డా.
పడగొట్టలేదని రాయి.

"వంగు" అన్నది డాక్టరమ్మ.
ఇన్నేండ్లల్ల ఆ మాట ఎందరన్నరో,
వంగినదాంక ఊకోలె ఎవలు.
ఈమె ఒక్కతే, నేను వంగలేకపోతే
సరేనని తల ఊపింది.
నూటికి ఎంతనో ఏసింది. నలభై దాటాలెనట.
కాయితం తిప్పి పెట్టింది, నాకు కనవడలె.

పిలగాడు అంతా ఇన్నడు.
మంచోడే, టీ తాగుమన్నడు గూడ.
"అమ్మా, గింత జాగల గన్ని పట్టయి" అని
కూలీ అని రాసిండు.
ఆ మాట ఐదు చుక్కల మీద కూసుంది.
మిగిలిన ఇరవై ఒక్కటి అట్లనే ఉన్నయి,
అతికియ్యని అద్దం పెంకుల తీరు.

"ఈడ వేలు పెట్టు" అన్నడు.
పెట్టిన.
మిషన్ల ఎర్ర లైటు.
కొంగుకు తుడుసుకొని పెట్టు అన్నడు.
తుడుసుకొని పెట్టిన.
ఎర్రదే.
ఎనక లైన్ల ఎవలో నిట్టూర్చిండ్రు.
"గట్టిగ నొక్కమ్మా" అన్నడు.

నొక్కుడు నాకు నేర్పుతున్నడు.
నొక్కిన.